కొల్లేటి నీరు – వరాహ ధ్వజము

శ్రీకాకుళ క్షేత్రమున ఆంధ్ర మహావిష్ణువును, మొవ్వలో వేణుగోపాలుని సేవించి మా కూచిపూడి మీదుగా పామర్రు, గుడివాడ దాటి కైకలూరు వైపు పయనించు యాత్రికులు ఎందరో కలరు. మండవల్లి దాటినపిమ్మట గాలి మారును. నీటి వాసన తగులును. కనుచూపు మేర చేపల చెరువులు, వాని కావల తూటికాడ, జమ్ము, నడుమ నడుమ తెల్లని పక్షుల గుంపులు అగపడును. అది కొల్లేరు. ఆటపాకలో గూడబాతులను చూచి పిల్లలు సంతోషింతురు. పెద్దలు కొల్లేటికోట పెద్దింట్లమ్మను తలచుకొని చేతులు జోడింతురు. ఇంతే గాని, ఈ నీటి యొడ్డున పదునాలుగు వందల యేండ్ల క్రిందట జరిగిన యొక యుద్ధము మన తెలుగునాటి నుదుటి వ్రాతను మార్చినదని తలచువారు అరుదు. అచ్చట శిలాస్తంభము లేదు, వీరగల్లు లేదు. నీరు గుర్తులను నిలుపుకొనదు గదా.

ఈ యుద్ధమును గూర్చి వ్రాయవలెనన్న సంకల్పము నాకు ఒక బాలిక వలన కలిగినది. మా యూరిలో నాట్యము నేర్చుకొను పిల్లలు శ్లోకములకు అర్థము తెలిసికొనుటకై అప్పుడప్పుడు నా యొద్దకు వత్తురు. దశావతారములు అభ్యసించుచున్న యొక చిన్నది వరాహావతార ఘట్టమున భూదేవిని కోరపై నెత్తు భంగిమను పట్టి చూపినది. నేను మురిసిపోయి, ఆ వరాహమునే ధ్వజముగా ధరించిన చాళుక్యుల కథను, కొల్లేటి యుద్ధమును చెప్పితిని. అంతయు విని ఆ పిల్ల ఇట్లడిగినది: “తాతగారూ, స్వామి భూమిని నీళ్లలోనుంచి ఎత్తాడు గదా. మరి ఆయన జెండా పట్టుకొన్న రాజు ఆ నీళ్లనే నెత్తురు చేశాడేమండీ?”

నలువది యేండ్లు పాఠము చెప్పినవాడను. ఆ క్షణమున నాకు సమాధానము తోచలేదు. “రేపు చెప్పెదను తల్లీ” అంటిని. ఆ రేపటి సమాధానమే ఈ వ్యాసము.

యుద్ధమునకు పూర్వము

కృష్ణా గోదావరీ నదుల నడిమి దేశమునకు వేంగి యని పేరు. నేటి ఏలూరునకు సమీపమున నున్న పెదవేగియే ఆ పేరు నిలుపుకొన్న గ్రామము. దానికి ఈశాన్యమున పిష్టపురము, అనగా మన పిఠాపురము. క్రీస్తుశకము నాలుగవ శతాబ్దమున గుప్త చక్రవర్తి సముద్రగుప్తుడు దక్షిణాపథమునకు దండెత్తి వచ్చినపుడు ఓడించిన రాజులలో వేంగి హస్తివర్మయు, పిష్టపుర మహేంద్రగిరియు నుండిరని ప్రయాగ స్తంభశాసనము చెప్పుచున్నది. సముద్రగుప్తుడు వారిని పట్టి, విడిచి, అనుగ్రహించి మరలిపోయెనని కూడ ఆ శాసనమే చెప్పును. దేశము దేశముగనే యుండెను, రాజులు రాజులుగనే యుండిరి. వరద వచ్చి తీసినట్లు ఆ దండయాత్ర వచ్చి పోయెను.

శాలంకాయనులు, వారి తరువాత విష్ణుకుండినులు ఈ సీమను ఏలిరి. విష్ణుకుండినులు శ్రీపర్వతస్వామి పాదభక్తులమని చెప్పుకొన్నవారు. వారిలో మాధవవర్మ యను ప్రభువు పదునొకండు అశ్వమేధములు చేసెనని వారి తామ్రశాసనములు కీర్తించును. వేదవిదులకు అగ్రహారము లిచ్చిన వంశమది. కావున కొల్లేటి యుద్ధమును ధర్మపరులకును అధర్మపరులకును నడుమ జరిగిన పోరుగా చిత్రించుట న్యాయము గాదు. ఇరువైపుల వారును యజ్ఞములు చేసినవారే, ఇరువైపుల వారును దేవతాభక్తులే. చదువరులు ఈ మాటను మనసున నుంచుకొందురు గాక.

వాతాపి నుండి వచ్చిన వరాహము

పడమట, నేటి కర్ణాటక దేశమున, వాతాపి నగరము చాళుక్యులకు రాజధాని. నేడు దానిని బాదామి యందురు. అచ్చట కొండను తొలిచి నిర్మించిన గుహాలయములలో మూడవది శ్రీమహావిష్ణువునకు అర్పింపబడినది. కీర్తివర్మ రాజ్యకాలమున అతని తమ్ముడు మంగళేశుడు 578లో దానిని చేయించెను. ఆ గుహలో భూదేవిని ఉద్ధరించుచున్న వరాహమూర్తి విగ్రహమును చూచినవారు మరువలేరు. తమ వంశమునకు వరాహ లాంఛనము శ్రీమన్నారాయణుని అనుగ్రహమున లభించినదని చాళుక్యుల శాసనములన్నియు చెప్పుచున్నవి. ఆ లాంఛనమును చూచినంతనే శత్రురాజులు వశమగుదురని వారి ప్రశస్తి.

ఈ కీర్తివర్మ కుమారుడే రెండవ పులకేశి. పినతండ్రియైన మంగళేశునితో పోరి 610 ప్రాంతమున సింహాసనము నెక్కినవాడు. ఉత్తరాపథేశ్వరుడైన హర్షవర్ధనుని నర్మదా తీరమున నిలువరించినవాడు. అతని విజయములను రవికీర్తి యను జైన కవి సంస్కృత కావ్యముగా రచించి, ఐహోళెలోని మేగుటి జినాలయమున చెక్కించెను. శకవర్షము 556, అనగా 634-35 దాని కాలము. కాళిదాస భారవులతో సమానమైన కీర్తి తనకు కలదని ఆ కవి చెప్పుకొనెను. కాళిదాస మహాకవి కాల నిర్ణయమునకు పండితులందరును ఆశ్రయించు శాసనమిది. పాఠశాలలో మా గురువుగారు రఘువంశమున రఘు దిగ్విజయ ఘట్టము చెప్పునపుడు ఈ శాసనమును తెచ్చి ప్రక్కన పెట్టి చదివించెడివారు. “ఒకటి కవి కన్న విజయము. ఒకటి రాజు చేసిన విజయము. తేడా ఎక్కడున్నదో మీరే చూడండి” అనెడివారు. ఆ తేడా ఏమిటో నాకు చాల కాలమునకు గాని బోధపడలేదు.

కొల్లేటి తీరమున

పులకేశి సేనలు కోసల, కళింగములను లోబరచుకొని తూర్పు తీరము వెంట దక్షిణమునకు దిగినవి. మొదట పిష్టపుర దుర్గము పడినది. పిష్టమనగా పిండి. దుర్గమైన పిష్టపురము పిండియై దుర్గము కాకపోయెనని రవికీర్తి అచ్చట శ్లేష చేసెను. చమత్కారము గొప్పదే. ఆ పిండి అయినవారిలో ఆ యూరి గృహస్థులును ఉందురు గదా యని చదువరికి తోచక మానదు.

పిమ్మట కునాల జలములు. కునాలమే మన కొల్లేరు. ఆ శ్లోకము యొక్క తాత్పర్యము మాత్రము చెప్పెదను. ఆయుధములచే కూలిన మనుష్యుల రక్తముతో ఎఱ్ఱబడి, మదపుటేనుగుల గుంపులచే కలచబడి, ఆ సరస్సు నీరు సంధ్యారాగమున మేఘములు క్రమ్మిన ఆకాశమువలె నుండెనట. ఎదిరించిన రాజెవరో శ్లోకము చెప్పలేదు. వేంగిని ఏలుచున్న విష్ణుకుండినులే ఆ పోరున ఓడినవారని చరిత్రకారులు నిర్ణయించినారు. గెలిచినవాని పేరు శిలపై నిలిచినది. ఓడినవాని పేరు నీటిలో కలిసినది. ఇక ఆ ఏనుగుల క్రింద పడిన కాల్బలము మాట చెప్పనేల?

అచ్చటనుండి సేనలు పల్లవుల కాంచీపురము వైపు సాగినవి. పులకేశి మాత్రము సముద్రగుప్తునివలె గెలిచి విడిచి పోలేదు. తన తమ్ముడైన కుబ్జ విష్ణువర్ధనుని ఈ దేశమునకు ప్రతినిధిగా నిలిపెను. విషమసిద్ధి యని బిరుదు వహించిన ఈ విష్ణువర్ధనుడు కొలదికాలములోనే స్వతంత్ర రాజయ్యెను. వేంగీ చాళుక్య రాజ్యారంభమును చరిత్రకారులు సాధారణముగా 624తో లెక్కింతురు. అతడు పదునెనిమిదేండ్లు పాలించెను.

ఈ వంశపు తరువాతి శాసనములలో ఒక కథ కలదు. అయోధ్య నుండి విజయాదిత్యుడను రాజు దక్షిణాపథమునకు వచ్చి యుద్ధమున మడియగా, గర్భవతియైన అతని రాణికి ముదివేము అగ్రహారమున విష్ణుభట్ట సోమయాజి యను బ్రాహ్మణుడు ఆశ్రయమిచ్చెననియు, ఆమెకు పుట్టిన బిడ్డకు ఆ సోమయాజి పేరు తలపునకు వచ్చునట్లు విష్ణువర్ధనుడని పేరు పెట్టిరనియు ఆ కథ. ఇది నాలుగు వందల యేండ్ల తరువాత వ్రాయబడిన వంశగాథ, చరిత్రగా దానిని ప్రమాణము చేయరాదు. అయినను అందొక విశేషమున్నది. జగత్తును గెలిచితిమని చెప్పుకొన్న రాజవంశము, తన మొదటి తల్లి ఒక గృహస్థుని పంచన తల దాచుకొన్నదని చెప్పుకొనుటకు సిగ్గుపడలేదు.

మూడు విధముల విజయము

జయించినవాడు ఎట్లుండవలెను? మన శాస్త్రములు ఈ విషయమును ఉపేక్షింపలేదు. కౌటిల్యుడు విజేతలను మూడు విధములుగా విభజించెను. శత్రువు వంగినంత మాత్రమున తృప్తి చెందువాడు ధర్మవిజయి. భూమిని ధనమును హరించువాడు లోభవిజయి. వానితోబాటు భార్యాపుత్రులను, ప్రాణములను గూడ హరించువాడు అసురవిజయి. కాళిదాసుని రఘువు మహేంద్రనాథుని పట్టి విడిచెను, అతని సంపదను గొనెను గాని భూమిని గొనలేదు. అందుచే అతడు ధర్మవిజయి. మా గురువుగారు చూడుమన్న తేడా ఇదే. ఈ కొలతతో కొలిచినచో పులకేశి ధర్మవిజయి గాడు. భూమిని గొన్నవాడు. వరాహ ధ్వజమును పట్టినాడని మనము అతని తప్పును ఒప్పు చేయరాదు.

శ్రీరామచంద్రుడు లంకను జయించియు అందు ఒక్క అడుగు నేలను ఆశింపలేదు. విభీషణుని పట్టాభిషిక్తుని చేసెను. మరణముతో వైరము ముగిసినదని చెప్పి రావణునికి అంత్యక్రియలు జరిపింపుమనెను. మనకు ఆదర్శము ఆ స్వామియే.

అయితే శాస్త్రము అచ్చటితో ఆగలేదు. భూమిని గొన్నవానికి గూడ ఒక ధర్మము చెప్పినది. కౌటిల్యుడు లబ్ధప్రశమనమను ప్రకరణమున, గెలిచిన దేశమునకు పోయిన రాజు ఆ దేశపు శీలమును, వేషమును, భాషను, ఆచారమును తనవిగా చేసికొనవలెననియు, అచ్చటి దేవతల యెడల, ఉత్సవముల యెడల భక్తి చూపవలెననియు విధించెను. యాజ్ఞవల్క్య స్మృతి, వశమైన దేశమున ఏ ఆచారము, ఏ వ్యవహారము, ఏ కులస్థితి కలదో దానిని అట్లే పాలింపవలెనన్నది. పులకేశి చేసిన యుద్ధమును ఈ శాస్త్రము మెచ్చకపోవచ్చును. అతని తమ్ముని సంతతి తరువాత చేసిన పనిని మాత్రము మెచ్చకుండ నుండలేదు. కొల్లేటి యుద్ధమునకు ఫలితము నిర్ణయమైనది ఆనాటి సాయంకాలమున గాదు, ఆ తరువాతి తరములలో.

ఒక చిన్న గ్రామము చెప్పు సాక్ష్యము

ఇందుకు నేను గొప్ప దేవాలయమును గాని విజయస్తంభమును గాని సాక్ష్యముగా చూపను. గోదావరీ మండలమున పొలమూరు అను గ్రామము కలదు. ప్రాచీన నామము పులోబూమ్ర. విష్ణుకుండిన మాధవవర్మ తూర్పు దిక్కును జయింప గోదావరిని దాటినపుడు ఈ గ్రామమును శివశర్మ యను వేదపండితునకు దానమిచ్చెను. ఆ తామ్రశాసనము దొరకినది. పిమ్మట యుద్ధము జరిగినది. దాత వంశము రాజ్యము కోల్పోయెను. ఇచ్చినవాడే లేనపుడు ఇచ్చిన మాటకు విలువ యేమి? కొత్త రాజు తలచినచో ఆ గ్రామమును తన సేనానికో మంత్రికో ఈయవచ్చును. అడ్డు చెప్పువారు లేరు.

కాని కుబ్జ విష్ణువర్ధనుని కుమారుడు జయసింహవల్లభుడు ఏమి చేసెను? తన అయిదవ రాజ్యవర్షమున అదే గ్రామమును, ఆ శివశర్మ కుమారుడైన రుద్రశర్మకే మరల దానము చేసెను. ఆ శాసనము గూడ దొరకినది. రెండు శాసనములు, రెండు వంశములు, నడుమ ఒక యుద్ధము. గ్రామము అదే, కుటుంబము అదే.

ఆ రుద్రశర్మ ఇంటిని ఒక్కసారి ఊహింపుడు. రాజ్యము మారిన నాటినుండి కొత్త శాసనము చేతికి వచ్చువరకు ఆ యింటి యిల్లాలు ఎన్ని రాత్రులు నిద్రలేక గడిపి యుండునో! పొలము దున్నవచ్చునా, విత్తవచ్చునా, పిల్లలకు ఉపనయనము చేయవచ్చునా అన్నవి ఎంత పెద్ద ప్రశ్నలో! రాగిరేకు వచ్చిననాడు వారికి యుద్ధము ముగిసినది. శాసనముల చివర ధర్మశ్లోకములు ఉండుట పరిపాటి. తాను దానము చేయుట సులభము, ఇతరులు చేసిన దానమును కాపాడుట కష్టము, కాపాడుటయే శ్రేష్ఠమని వాని సారాంశము. శత్రువు చేసిన దానమును కాపాడుట మఱియు శ్రేష్ఠము గదా.

ఆ కాలముననే, 639 ప్రాంతమున, చీనా యాత్రికుడు హ్యూన్‌త్సాంగ్ ఆంధ్రదేశమునకు వచ్చెను. వేంగీపురమును చూచెను. ఇచ్చటి భాష మధ్యదేశపు భాషకంటె వేరనియు, అక్షరములు మాత్రము దగ్గరగా నున్నవనియు గుర్తించెను. యుద్ధము జరిగిన కొన్ని యేండ్లకే పరదేశి యొకడు మన భాషను ప్రత్యేక భాషగా విని వ్రాసికొనుట గమనింపదగిన విషయము.

నిలిచిన ఫలములు

కన్నడ సీమనుండి వచ్చిన ఈ రాజులు తెలుగువారైరి. తెలుగు శాసనములు అంతకు పూర్వమే రేనాటి చోళుల సీమలో, కలమళ్ల మొదలగు చోట్ల, ఆరవ శతాబ్దమున పుట్టినవి. వేంగీ చాళుక్యుల యేలుబడిలో కృష్ణా గోదావరీ సీమలలో అవి పెరిగినవి. జయసింహవల్లభుని విప్పర్ల శాసనము తెలుగున నున్నది. గుణగ విజయాదిత్యుని కాలమున, 848 ప్రాంతమున, పండరంగని అద్దంకి శాసనమున తరువోజ పద్యము వెలసినది. యుద్ధమల్లుని బెజవాడ శాసనము మధ్యాక్కరలతో వెలసినది. వచనమునుండి పద్యమునకు, శాసనమునుండి కావ్యమునకు మన భాష అడుగడుగున ఎదిగినది ఈ వంశపు నీడలోనే.

ఆ వంశపు రాజరాజ నరేంద్రుడు 1022లో పట్టాభిషిక్తుడై రాజమహేంద్రవరమునుండి పాలించెను. తమది చంద్రవంశమని ఎంచుకొన్న ఆ రాజు, తన పూర్వులైన పాండవుల చరిత్రను తెలుగున వినగోరెను. నన్నయభట్టారకుడు భారతమును ఆరంభించెను. నేడు మన యింట ఏ పెద్ద భారతము విప్పినను, మన పిల్లలు ఏ పద్యము కంఠస్థము చేసినను, దాని మూలము ఆ సభలో నున్నది. ఆ సభ మూలము వెదకుచు పోయినచో త్రోవ కొల్లేటి నీటి యొడ్డునకు చేరును. సంతోషమును సంకోచమును ఒక్కసారి కలిగించు త్రోవ అది.

ఇక మన నాలుకలపై నున్న యొక చిన్న మాట. బంగారు నాణెమునకు వరహా యని పేరు. నాణెముపై ముద్రించిన చాళుక్య వరాహమునుండి వచ్చినది ఆ మాట. శక్తివర్మ, రాజరాజ నరేంద్రుల బంగారు నాణెములు సముద్రము దాటి బర్మా దేశపు అరకాను తీర ద్వీపములలో దొరకినవి. రాజ్యము పోయి వేయేండ్లు కావచ్చినను, స్వామి పేరు బంగారమునకు పేరై నిలిచినది.

కళలకును ఆ వంశము ఆశ్రయమిచ్చినది. చాళుక్య భీముడు చల్లవ్వ యను సంగీత విద్వాంసురాలికి అత్తిలిలో భూమినిచ్చి శాసనము వ్రాయించెను. కూచిపూడివాడను గనుక ఈ మాట చెప్పునపుడు నాకు ప్రత్యేకమైన ప్రీతి. ఇతర మతముల యెడల గూడ ఆదరము కలదు. కుబ్జ విష్ణువర్ధనుని రాణి అయ్యణ మహాదేవి బెజవాడలో జైన వసతికి దానము చేసినది.

రాజరాజ నరేంద్రుని కుమారుడు 1070లో చోళ సింహాసనమెక్కి కులోత్తుంగుడయ్యెను. తండ్రి వైపున చాళుక్యుడు, తల్లి అమ్మంగదేవి వైపున చోళుడు. సింహాచలమున శ్రీ వరాహ లక్ష్మీనృసింహస్వామి ఆలయమందలి శాసనములలో మిక్కిలి ప్రాచీనమైనది ఆ కులోత్తుంగుని కాలపుదే, 1098-99 నాటిది. అతని సంతతి 1279 వరకు చోళ రాజ్యమును ఏలినది. కావేరి తీరమునకును గోదావరీ తీరమునకును నడుమ రాజబంధముతోబాటు విద్యాబంధము, ఆలయబంధము బలపడినవి.

మఱి గెలిచిన పులకేశి గతి యేమి? 642లో పల్లవ నరసింహవర్మ వాతాపిని పట్టుకొనెను. పులకేశి ఆ పోరున కూలెను. ఇతరుల దుర్గమును పిండి చేసినవాని రాజధాని శత్రువుల పాలయ్యెను. అతని సంతతి మరల వాతాపిని గైకొన్నను, ఎనిమిదవ శతాబ్ది మధ్యమున రాష్ట్రకూటుల చేతిలో రాజ్యము కోల్పోయినది. తమ్ముని వంశము మాత్రము వేంగిలో నాలుగు వందల యేబది యేండ్లు నిలిచినది. ఈ తేడాకు రాజనీతి కారణములు అనేకములు ఉండవచ్చును. నాకు తోచు కారణము పొలమూరి రాగిరేకులలో నున్నది.

నూట యెనిమిది యుద్ధములు, నూట యెనిమిది గుడులు

ఈ వంశమువారు తరువాత యుద్ధములు మానిరని చెప్పుటలేదు. రెండవ విజయాదిత్యుడు రాష్ట్రకూటులతోను గాంగులతోను పండ్రెండేండ్లలో నూట యెనిమిది యుద్ధములు చేసెననియు, అన్ని శివాలయములను కట్టించెననియు అతని వంశీయుల శాసనములు చెప్పుచున్నవి. ప్రతి యుద్ధమునకు ఒక గుడి! జయోత్సాహమని కొందరందురు, ప్రాయశ్చిత్తమని కొందరందురు. కత్తిని దించిన రాత్రి ఆ రాజునకు నిద్ర పట్టియుండదని నేననుకొందును. తాను గెలిచిన నేల తనకు ఋణపడలేదు, తానే ఆ నేలకు ఋణపడితినని తెలిసినవాడు మాత్రమే ఆ లెక్కను అంత శ్రద్ధగా ఉంచుకొనగలడు.

బాలిక ప్రశ్నకు సమాధానము

ఇక ఆ చిన్నదాని ప్రశ్న. భాగవత తృతీయ స్కంధమున వరాహావతార కథను శ్రద్ధగా చదివినచో ఒక విశేషము కనబడును. హిరణ్యాక్షుడు వెంటబడి దుర్భాషలాడుచున్నను స్వామి వెంటనే యుద్ధమునకు తిరుగలేదు. కోరపై భూదేవి భయపడుచున్నది. మొదట ఆమెను నీటిపై భద్రముగా నిలిపెను. ఆమెకు తన శక్తిని ఆధారముగా నిచ్చెను. ఆ పిమ్మటనే రాక్షసుని వైపు తిరిగెను. రక్షణ ముందు, యుద్ధము తరువాత. భగవంతుని క్రమమది.

మనుష్యుడు ఈ క్రమమును తలక్రిందులు చేయును. ముందు యుద్ధము చేయును, రక్షణ సంగతి తరువాత చూతమనును. వరాహ లాంఛనము ధరించినంత మాత్రమున ఎవడును వరాహమూర్తికి ప్రతినిధి గాడు. నీటిని ఎఱ్ఱన చేసిననాడు పులకేశి చేతిలోని ధ్వజముపై వరాహము కేవలము ఒక బొమ్మ. రుద్రశర్మకు వాని తండ్రి పొలమును మరల ఇచ్చిననాడు జయసింహవల్లభుని ధ్వజముపై వరాహము నిజమైన వరాహము. ఆనాడు ఒక కుటుంబమునకు భూమి నీటిలోనుండి పైకెత్తబడినది.

మరునాడు వచ్చిన ఆ పిల్లకు ఈ మాటలే చెప్పితిని. కొంతసేపు ఆలోచించి, “అయితే ఎత్తేటప్పుడు స్వామి ముఖములో కోపము చూపకూడదు, జాగ్రత్త చూపాలి” అన్నది. నా పాండిత్యమంతయు ఆ యొక్క మాటలో ఇమిడిపోయినది.

గృహస్థులకు

రాజులు పోయిరి, రాజ్యములు పోయినవి. మనకీ కథతో నిమిత్తమేమి యని అడుగవచ్చును. నా యింటి సంగతి యొకటి చెప్పి ముగించెదను. మా తాతగారు స్వగ్రామపు ఆలయమున నిత్యదీపమునకు నూనె ఇచ్చుటకు మాట యిచ్చియుండిరి. కాగితము లేదు, రాగిరేకు అంతకన్న లేదు. మా తండ్రిగారు నడిపిరి. ఆ తరువాత అన్నదమ్ములము భాగములు పంచుకొంటిమి. పొలము ఎకరముల లెక్కన పంచుకొంటిమి, ఇత్తడి సామాను తూచి పంచుకొంటిమి. నూనె గిన్నె మాత్రము ఎవరి భాగమునకును రాలేదు. పెద్దవాడు ఇచ్చునని నేను, చిన్నవాడు ఇచ్చునని ఆయన. కొన్ని నెలలు ఆ దీపము వెలుగలేదు. వృద్ధురాలైన మా తల్లి ఆ సంగతి తెలిసికొని, ఒక్క మాటయు అనక, తన చేతి గాజు నొకటి తీసి నా ముందు పెట్టినది. ఆనాటినుండి దీపము ఆరలేదు. కాని ఆ నెలల చీకటి నా లెక్కలోనే యున్నది.

శత్రువు చేసిన దానమును శత్రువు కాపాడిన దేశము మనది. తాత చేసిన దానమును మనుమడు కాపాడలేకపోవుట ఎంత చిన్నతనము! మీ మీ యిండ్లలో పెద్దలు పెట్టిన దీపము, నీళ్ల చలివేంద్రము, ఒక విద్యార్థి భోజనము, ఒక ఉత్సవమునకు పూలమాల, ఏదియో యొకటి ఉండియే యుండును. అది ఎవరి వంతో వాదులాడకుడు. ఇరుగుపొరుగువారితో గట్టు తగవు గెలిచినను, గెలిచిన మరునాడు వారి పశువులు త్రాగు నీటికి దారి విడువుడు. గెలిచిన దానిని నిలుపునది ఆ దారియే.

ఈసారి కైకలూరు వైపు పోవునపుడు బండి నొక నిమిషము ఆపి, కొల్లేటి నీటిని చూడుడు. సాయంసంధ్యలో అది ఇప్పటికిని ఎఱ్ఱబడును. అది రక్తము గాదు, సూర్యుని వెలుగు మాత్రమే. ఆ నీటిలో పేరు లేక కలిసిపోయిన ఇరువైపుల వారికిని ఒక నమస్కారము చేయుడు. భూదేవిని భయపెట్టక ఎత్తిన ఆ యాదివరాహ స్వామి మన చేతులకు గూడ ఆ మెలకువను ప్రసాదించును గాక.

సర్వే జనాః సుఖినో భవన్తు.